మిగిలినవాళ్ల పాట

జర్నలిజం డిప్లొమా చేస్తున్నప్పుడు రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌లో దొరికింది జాయ్ డివిజన్. మాంచెస్టర్ కుర్రాళ్ల బ్యాండు. ఆ సంగీతాన్ని పోస్ట్ పంక్ అంటారని అప్పటికి తెలీదు. ఇయాన్ కర్టిస్ గొంతు వింటుంటే చీకటి గదిలో ఎవరో పక్కనే కూర్చున్నట్టుండేది. 1980 మే 18న అతను ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 23.

మిగిలిన ముగ్గురూ ఆ పేరు వదిలేసి ‘న్యూ ఆర్డర్’ అయ్యారు. కీబోర్డుతో గిలియన్ గిల్బర్ట్ తోడైంది. 1983లో ‘బ్లూ మండే’ వచ్చింది. డ్రమ్ మెషిన్, సింథసైజర్, డాన్సు! నాకు ఒళ్లు మండింది. స్నేహితుడు పోయి మూడేళ్లేగా, అప్పుడే చిందులా?

నాన్న పోయిన రెండో నెలలో అమ్మ వంటింట్లో కూనిరాగం తీస్తుంటే అచ్చం అలాంటి కోపమే వచ్చింది. పైకి ఏమీ అనలేదు. రెండ్రోజులు మాత్రం ముభావంగా ఉన్నా.

చాలా ఏళ్లకు ‘సెర్మనీ’ గురించి చదివా. 1981లో న్యూ ఆర్డర్ తొలి సింగిల్ అది. ఇయాన్ ఉండగా కట్టిన పాటే. టేపులో అతని మాటలు సరిగ్గా వినపడకపోతే, ఈక్వలైజర్‌తో విడదీసుకుని, విని రాసుకుని, బెర్నార్డ్ సమ్నర్ పాడాడు. రెండు బ్యాండుల్లోనూ పీటర్ హుక్ బాస్ గిటార్ మాత్రం అదే. ఇన్నాళ్లూ నేనే సరిగ్గా వినలేదు.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశా. అప్పుడు పాడింది ఏ పాటని అడిగా.

“మీ నాన్న స్నానం చేస్తూ పాడేవారే, అదేరా. చరణం గుర్తురాక పల్లవే మళ్లీ మళ్లీ పాడుకునేదాన్ని” అంది.