చిలుకలా, చేపలా?

అమ్మానాన్నల పెళ్ళయి 2024 మే నెలకు యాభై ఏళ్ళు నిండాయి. అక్క కోదాడలో, నేను సూర్యాపేటలో, తమ్ముడు మిర్యాలగూడలో ఉంటాము. అమ్మానాన్నలు తమ్ముడి దగ్గరే. వేడుక అక్కావాళ్ళ మేడమీద చేద్దామని ముగ్గురమూ అనుకున్నాము. ఆ వేసవిలో మూఢం వల్ల పెళ్ళి ముహూర్తాలు లేవు కదా, అలంకరణ పనివాళ్ళు ఖాళీగా ఉన్నారు. ఒకతను సగం ధరకే పూల వేదిక కడతానన్నాడు. బావగారు సరేననబోతుంటే అమ్మ అడ్డుపడింది.

"నా పెళ్ళినాడు ఎట్లుండెనో అట్ల కావాలె."

ఆవిడ మమ్మల్ని నోరు తెరిచి అడిగిన కోరికలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

చిక్కేమిటంటే, ఆ పెళ్ళికి ఒక్క ఫొటో అయినా లేదు. పోనీ ఆ ఇల్లు చూసి వద్దామంటే ఇల్లూ లేదు, ఊరూ లేదు. కృష్ణ ఒడ్డున ఉండే మా అమ్మమ్మగారి ఊరు పులిచింతల ముంపులో పోయింది. దిగువ కృష్ణా డెల్టా పొలాలకు వేళకు నీరందించడానికి కట్టిన ప్రాజెక్టు అది. నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. 2013 డిసెంబరులో ప్రారంభించారు. మునిగిన ఊళ్ళలో గుంటూరు జిల్లావీ ఉన్నాయి, అప్పటి మా నల్లగొండ జిల్లావీ ఉన్నాయి. ఊరి జనం తలో దిక్కుకూ చెదిరిపోయారు. (ఆ జలాశయానికి డాక్టర్ కె.ఎల్. రావు గారి పేరు పెట్టారు. మా అమ్మ మాత్రం ఈనాటికీ "ఆ నీళ్ళు" అనే అంటుంది.)

కాబట్టి మాకున్న నమూనా అల్లా ఇద్దరు ముసలివాళ్ళ జ్ఞాపకం. ఆ రెండూ కలిస్తేగా!

పందిరి తాటాకులదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. దాని అంచున చిలుకలు వేలాడాయని అమ్మ. "చిలకలు యాడియే! చేపలు. మీ మేనమామ అల్లిండు," అని నాన్న. నది ఒడ్డు ఊరు కనుక చేపలన్నా నమ్మబుద్ధవుతుంది. ఆ పూటంతా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి లేత తాటాకు ఈనెలు తీసి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని, రెండూ అల్లాము. అక్క కూతురు ఫోనులో వీడియో చూసి నాలుగు చిలుకలు చేసింది. ముక్కు వంపు తిరగలేదని అమ్మ నాలుగింటినీ విప్పించింది.

రంగు కాగితాల జెండాల దగ్గర ఇంకో తంటా. లోక్‌సభ పోలింగు మే 13న అయిపోయి కొద్దిరోజులే అయింది. ఏ రంగు ముట్టుకున్నా ఏదో ఒక పార్టీది. చూసేవాళ్ళు ఏమనుకున్నా సరేనని అన్నీ కలిపి అంటించాము. మైదాపిండి ఉడికించి జిగురు చేశాము. మా చిన్నప్పుడు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. పసిపిల్లలున్నారని ఈసారి మానేశాము. తమ్ముడు మిర్యాలగూడ నుంచి వరికంకులు తెచ్చాడు, కుచ్చులు కట్టడానికి. మనవడికి థర్మోకోలుతో 50 అంకె కావాలట. అలంకరణకు థర్మోకోలు 2022 జూలై 1 నుంచి నిషేధమని చెప్పి, చాటలో వడ్లు పోసి అంకె దిద్దించాము. వాడికి అదేమంత నచ్చలేదు.

అన్నీ కట్టాక అమ్మ మేడ మధ్యలో నిలబడి, "వాకిలేది?" అన్నది.

మాలో ఎవరికీ జవాబు తోచలేదు. ఆవిడే ముగ్గుపిండి గిన్నె తీసుకుని వంగింది. ముందు గుమ్మం, దాని పక్కన అరుగు, అటుపైన వంటిల్లు, గాబు, బర్రెల కొట్టం. అడుగులతో కొలుచుకుంటూ గీసింది. బావి దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. నాన్న కుర్చీలోంచి లేచి, "ఇంకొంచెం ఎడమకు," అన్నాడు. ఆవిడ మారు మాట్లాడకుండా గీత చెరిపి, ఎడమకు జరిపింది. గంటలో మా అమ్మమ్మగారి ఇల్లు సిమెంటు మీద తెల్లగా తేలింది. నేను ఆ ఇంట్లో సెలవులు గడిపినవాణ్ణే. కాని దాని మూలలు అంత తిన్నగా ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం ఆ ఊరివాళ్ళు ఇరవైమంది దాకా వచ్చారు. పునరావాస కాలనీల నుంచి కొందరు, హుజూర్‌నగర్ నుంచి కొందరు. అందరికంటే పెద్దాయన కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కాడు. ముగ్గుగీత మీదుగా అడుగు వేస్తే కుర్చీ రెండడుగుల దూరం. ఆయన గీత దాటలేదు. గోడ వెంట చుట్టూ తిరిగి వచ్చి, గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"చిలకలా, చేపలా? నువ్వన్నా చెప్పు మామా," అన్నది అమ్మ.

ఆయన తల పైకెత్తనేలేదు. "మా ఇల్లేది?" అన్నాడు.

అమ్మ గిన్నె ఆయన చేతికిచ్చింది. ఆయన వంగలేక మనవడి చేత గీయించాడు. ఆ తరువాత గిన్నె ఎవరి చేతుల్లోకి పోయిందో తెలియదు. రామాలయం వచ్చింది, రచ్చబండ వచ్చింది, రేవుకు పోయే బాట వచ్చింది. అక్క భోజనాలకు పిలిచేసరికి మేడ చాలక, ఊరు మెట్లమీదికి దిగుతూ ఉంది.