వెళ్ళివస్తాను

పిల్లలూ! తెనాలి నుంచి రేపల్లెకు రైలులో వెళ్ళి, అక్కడ బస్సు ఎక్కితే నిజాంపట్నం చేరవచ్చు. ఈనాడది బాపట్ల జిల్లాలో చేపల రేవు. నాలుగు వందల ఏళ్ళ కిందట మాత్రం దాని పేరు దూరదేశపు వర్తకులకు బాగా తెలుసు. పెద్దపల్లి అన్న పాత పేరును వాళ్ళు "పెటపోలి" అని పలికేవారు. 1606లో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611లో "గ్లోబ్" అనే ఓడ మీద ఇంగ్లీషువారు వచ్చారు. చిరివేరు నుంచి తీసిన ఎర్రరంగు అద్దిన బట్టలంటే వాళ్ళకు ఎంతో మోజు.

ఆ ఓడలు ఆఫ్రికాను చుట్టి, నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చేవి. బయలుదేరిన వారిలో తిరిగి ఇల్లు చేరనివారు ఎందరో! మరి వాళ్ళ భాషల్లో ప్రేమను ఎలా చెబుతారు?

డచ్చివారు "ఇక్ హౌ ఫన్ యె" అంటారు. అందులోని "హౌ" అన్న మాటకు పట్టుకొనడం అని అర్థం. అంటే వాళ్ళ ప్రేమ చేయి వదలనిదన్నమాట! స్పెయినులో "తె కియెరో" అంటారు. కోరుకోవడానికీ, ప్రేమించడానికీ అక్కడ ఒకే మాట. ఇటలీలో భార్యాభర్తలు "తీ ఆమో" అనుకుంటారు. తల్లితోనూ, స్నేహితులతోనూ అయితే "తీ వోల్యో బేనె" అంటారు. నీ మేలు కోరుతున్నాను అని దాని భావం. ఎంత చక్కని మాట!

పోర్చుగీసువారికి "సౌదాద్" అనే మాట ఉన్నది. దూరమైనవారిని తలచుకున్నప్పుడు కలిగే తీపి బాధ అది. మన ఇళ్ళలోని అలమర, బొత్తాము, ఇస్త్రీ అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చినవే. సౌదాద్ మాత్రం మన ఇంట అడుగుపెట్టలేదు. ఎందుకంటే మనకు "బెంగ" ముందే ఉన్నది!

మరి మనం ప్రేమను ఎలా చెబుతాం? "నిన్ను ప్రేమిస్తున్నాను" అని అమ్మ రోజూ అనదు. "అన్నం తిన్నావా?" అంటుంది. "బంగారు తండ్రీ" అంటుంది. అందులోనే అంతా ఉన్నది.

ఇంకొక మాట చూడండి. బయటికి పోయేటప్పుడు మనం "వెళ్తాను" అని ఊరుకోము. "వెళ్ళివస్తాను" అంటాము. "పోతున్నాను" అంటే పెద్దలు ఒప్పుకోరు. "వస్తానను" అని దిద్దుతారు. వేటకు వెళ్ళేవారు ఉండే ఊళ్ళో ఈ మాట విలువ మరీ ఎక్కువ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన పక్కనున్న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. సముద్రం ఎలాంటిదో ఈ తీరంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే గడపలో నిలబడి సాగనంపేవారికి ఆ "వస్తాను" అన్న రెండవ సగమే కావాలి.

రేపు బడికి బయలుదేరేటప్పుడు గడప దాటాక కేక వేయకండి. అమ్మ ముఖం చూసి, నింపాదిగా చెప్పండి: "అమ్మా, వెళ్ళివస్తాను."