కథా కాలం వరుస

జగిత్యాలలో మా ఇంటి పుస్తకాలు మూడు చోట్ల ఉండేవి. నడిమింట్లో గోడ అల్మారా బాపుది. నిజాం జమానాలో ఉర్దూలో చదువుకున్న తాత పుస్తకాలు సందుగలో, డాంబర్ గోళీల మధ్య. చందమామలు, వారపత్రికలు అటక మీద. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు ఇవన్నీ అమ్మ పరిచిన పాత చీరల మీదికి దిగేవి. చెదలు చూడాలె, దుమ్ము దులపాలె, ఎండిన వేపాకు పేజీల నడుమ పెట్టాలె. పొద్దుగూకేసరికి "ఎక్కడియి అక్కడ పెట్టున్రి" అని బాపు కేకేసేవాడు. ఏది ఎక్కడిదో తేల్చుకోవడమే పెద్ద పంచాయితీ.

తాత లెక్క సులువు. భారతం, భాగవతం అన్నిటికన్నా పైన ఉండాలి, వాటి మీద ఇంకోటి ఉండొద్దు. ఒకసారి మా అన్న వాటి మీద మధుబాబు షాడో నవల పెడితే "దేవుని పుస్తకం మీద షాడోను కూసోవెడ్తవార?" అని చేతికర్ర అందుకున్నాడు. అమ్మకు ఎత్తు సమానంగా కనబడితే చాలు. బాపు బడిపంతులు గనక రచయితల పేర్లను అక్షర క్రమంలో పెట్టించేవాడు.

చందమామ దగ్గరికి వచ్చేసరికి బాపు పద్ధతి చెల్లేది కాదు. ఆ సీరియళ్ల మీద రచయిత పేరే ఉండేది కాదు మరి. తోకచుక్క, శిథిలాలయం రాసింది దాసరి సుబ్రహ్మణ్యమని మాకు తెలిసింది పెద్దయ్యాకనే. సంచికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి, నెలల ప్రకారం పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదా లై పూసి జిల్దు కట్టేవాళ్లం. సీరియల్ చివరి పేజీ వెనక ఇంకో కథ మొదలైతే దాని తల తెగేది. ఒక నవల నిండాలంటే కొన్ని చిన్న కథలు బలికావాల్సిందే. మధ్యలో ఏ నెల సంచికో దొరక్కపోతే, తర్వాతి నెల మొదట్లో ఇచ్చే జరిగిన కథే దిక్కు. ఆ నాలుగు ముక్కలు పట్టుకుని పోయిన నెలంతా మేమే అల్లుకునేవాళ్లం. నాకు తెలిసి మా ఊళ్లో శిథిలాలయం చదివిన పిల్లలందరి దగ్గరా ఒకే శిథిలాలయం లేదు.

ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట మీదుగా పోతే మంచిర్యాలలో చిన్నమ్మ ఇల్లు. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా. చిన్నమ్మ ఆంధ్రభూమి వారపత్రికలోంచి యండమూరి సీరియళ్లు కత్తిరించి కుట్టుకునేది. తులసిదళం పక్కింటికి పోయిందని నేను దాని తరువాయి తులసి పట్టుకుంటే లాక్కునేది. "తల్లి కథ తెల్వకుంట బిడ్డ కథ సదువుతవా? అది వచ్చెదాక ఆగు." రైలు కోసమైనా అంత ఓపిగ్గా చూడలేదు నేను.

చిన్నమ్మ పట్టుదల బాపుకు లేదు, ఉన్నా సాగేది కాదు. ఆయన చదివిన కరీంనగర్ కాలేజీకి ఒకప్పుడు విశ్వనాథ సత్యనారాయణ ప్రిన్సిపాల్. ఆ అభిమానంతో పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలూ కొనాలని బాపు కోరిక. మొదటిది భగవంతుని మీది పగ. మా ఇంటికి ముందుగా వచ్చింది మాత్రం నందో రాజా భవిష్యతి. జీతం మిగిలిన నెలలో, కరీంనగర్ షాపులో ఏది ఉంటే అది వచ్చేది. రాని సంపుటాల చోటును బాపు ఖాళీగా ఉంచేవాడు. అమ్మ ఆ ఖాళీలో కరెంటు బిల్లులు పెట్టేది.

ఆ గ్రంథమాలకు అంకెలైనా ఉన్నాయి. మా నేల కథ చెప్పే నవలలకు అదీ లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి రాశాడు. గంగు పూర్తికాకుండానే 1961లో పోయాడు. ఆ కథను దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదంతో ముందుకు నడిపాడు. రచయితలు ఇద్దరు, కథ ఒకటి. అక్షర క్రమంలో పెడితే ఆళ్వారుస్వామి అల్మారా మొదట్లో, రంగాచార్య ఎక్కడో దూరాన. అచ్చైన వరుసలో పెడితే చిల్లర దేవుళ్లు మూడోది. కానీ అందులోని పల్లె గంగు కాలానికి ముందటిది. కథా కాలం చూస్తే అది ప్రజల మనిషి పక్కన నిలబడాలి.

కాలేజీ రోజుల్లో నేను ఈ మాట ఎత్తితే బాపు ఒక పూటంతా వాదించాడు. రచయిత ఎట్లా రాసిండో అట్లనే చదవాలని ఆయన మాట. చివరికి "సరే, నీ అర నీది" అని కింది అర నాకు వదిలేశాడు.

ఆ అర నాకు బడిపుస్తకం చెప్పనిది చెప్పింది. ప్రజల మనిషి, చిల్లర దేవుళ్లలో దొరల గడీలు, వెట్టిచాకిరీ. గంగు పక్కన సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన కొమురం భీము పెట్టాను. 1940లో జోడెఘాట్ కొండల్లో భీము నేలకొరిగినప్పుడు కింద మైదానంలో ఏం నడుస్తున్నదో అప్పుడు తెలిసింది. తర్వాత మోదుగుపూలలో సాయుధ పోరాటం, జనపదంలో పోలీసు యాక్షన్ తర్వాతి పల్లె. ఆ వెనక మంథని దిక్కు గాజులపల్లిలో పుట్టిన రాజయ్య రాసిన కొలిమంటుకున్నది. అది చదివేసరికి కథ మా ఊరి పొలిమేరకు వచ్చేసింది. ఒక్కో నవలగా చదివినప్పుడు మంచి నవలలే. వరుసలో నిలబెడితే గడీ ముందు చేతులు కట్టుకున్న మనిషి తలెత్తడానికి ఎన్నేళ్లు పట్టిందో కనబడుతుంది.

ఇప్పుడు ఏ గ్రంథమాల వరుసైనా ఫోన్‌లో చిటికెలో దొరుకుతుంది. ప్రచురణకర్త వేసిన అంకె వరకు దానితో పని జరుగుతుంది. ఇద్దరు ముగ్గురు రచయితల పుస్తకాలు కలిసి ఒక నేల కథ అయ్యే చోట మాత్రం అంకె వేయాల్సింది ఇంట్లోవాళ్లే. పిల్లలకు నేను చిన్నమ్మలాగా ఆగమని చెప్పను. చేతికందింది చదవనీ. అల్మారాను మాత్రం కథా కాలం ప్రకారమే సర్దుతాను. ఎక్కడినుంచి మొదలుపెట్టినా, దానికి ముందేం జరిగిందో తెలుసుకోవాలనిపిస్తే చెయ్యి ఎడమకు చాపితే సరిపోతుంది.