పగటివేషము

రంగస్థలముపై వేషము ధరించుట యొక విద్య. నడివీథిలో, పట్టపగలు, వేషము ధరించి నిలుచుట మఱియొక విద్య. నాటకమునకు తెర యున్నది, దీపములున్నవి, నటునకును ప్రేక్షకునకును నడుమ కొంత దూరమున్నది. పగటివేషగానికి ఇవి యేవియు లేవు. మిట్టమధ్యాహ్నపుటెండలో మన వాకిట నిలిచి, అతడు తన పాత్రను మనచే నమ్మింపవలెను.

మాది కొండవీడు. ఒకప్పుడిది రెడ్డిరాజుల రాజధాని. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును జయించెను. రాజ్యములు గతించినవి, కొండపై కోటగోడలు మిగిలినవి. నా చిన్ననాట, పంటలు ఇండ్లకు చేరిన పిమ్మట, మా యూరికి పగటివేషగాండ్రు వచ్చెడివారు.

వారు కొన్నాళ్లు ఊరిలోనే బస చేసి, దినమునకొక వేషము కట్టెడివారు. ఒకనాడు బుడబుక్కలవాడు, ఒకనాడు ఫకీరు, ఒకనాడు ఎఱుకలసాని, మఱియొకనాడు సోమయాజియు సోమిదేవమ్మయు. అన్నిటిలోను అర్ధనారీశ్వర వేషము కష్టమైనది. ఒక్క దేహమున సగము శివుడు, సగము పార్వతి. ముఖమునకు అడ్డముగా వస్త్రమును పట్టి, ఒక వైపు చూపునప్పుడు రెండవ వైపు మఱుగుపఱుపవలెను. గొంతు మాఱవలెను, నడక మాఱవలెను, చూపు సైతము మాఱవలెను. వేషములన్నియు ముగిసిన తరువాతనే వారు ఇంటింటికి వచ్చి సంభావన గైకొనెడివారు.

ఒకనాడు సోమయాజి వేషగాడు వీథిలో వచ్చుచుండగా, ఆకతాయి బాలుడొకడు రాయి విసరెను. అది అతని నుదుట తగిలి నెత్తురు చిందినది. జనులు నిశ్చేష్టులైరి. ఆ నటుడు మాత్రము తొట్రుపడలేదు. వణకుచున్న ముసలి గొంతుతోనే, “చిరంజీవీ! అక్షతలు వేయుటకు ఇంత పెద్ద గింజ యేల?” అని ఆ బాలుని దీవించి ముందునకు సాగెను. వీథి యంతయు నవ్వినది. సాయంకాలము అతడు బావికడ రంగు కడుగుకొనుచుండగా నేను దగ్గఱకు పోయి, “నొప్పి కలుగలేదా, అయ్యా?” అని యడిగితిని. “కలుగకేమి, నాయనా! దెబ్బ నాకు తగిలినది. కాని కోపపడినచో చెడునది సోమయాజి వేషము గదా!” అని అతడు బదులు చెప్పెను.

తెలుగు పండితుడనై విరాటపర్వము బోధించునప్పుడెల్ల ఆ మాట నాకు స్ఫురించెడిది. అజ్ఞాతవాసమున ధర్మరాజు కంకుడై, అర్జునుడు బృహన్నలయై, ద్రౌపది సైరంధ్రియై ఒక యేడు వేషములలో జీవించిరి. విరాటరాజు కోపముతో పాచికను విసరగా కంకుని ముఖమునుండి రక్తము కాఱినది. అయినను ఆయన తానెవరో వెల్లడింపలేదు. పాత్రను నిలుపుకొనుట యనగా రంగు చెదరకుండ చూచుకొనుట కాదు. నిగ్రహము చెదరకుండ చూచుకొనుట.

అయితే వేషము వేఱు, మోసము వేఱు. రావణుడును సన్న్యాసి వేషము ధరించెను, అది అపహరణమునకు. పగటివేషము అట్టిది కాదు. చూచువారికి అది వేషమని తెలియును. తెలిసియు ఆ కొంతసేపు నమ్ముట ఇరువురకు నడుమ నున్న ఒప్పందము. ఈ విద్య సత్యమును చెప్పుటకును ఉపకరించినది. 16వ శతాబ్ది ఆరంభమున సిద్ధవటము నేలిన సమ్మెట గురవరాజు ప్రజలను హింసించుచుండగా, కూచిపూడి భాగవతులు విజయనగరమున వీరనరసింహరాయల యెదుట ఆ దురంతములనే ప్రదర్శించిరనియు, రాయలు అతనిని శిక్షించెననియు మాచుపల్లె కైఫీయతు చెప్పుచున్నది.

ఈ విద్యయందు లోపములును లేకపోలేదు. కొన్ని వేషములు కొన్ని కులములవారిని, వృత్తులవారిని ఎగతాళి చేసినవి. నవ్వించుట మంచిదే, కాని ఒకరి మనస్సును గాయపఱచి పదుగురిని నవ్వించుట కళ కానేరదు.

నేడు పగటివేషగాండ్రు అరుదైరి. కాని వేషము ధరింపవలెనను వేడుక మానవునకు పోలేదు. 2013లో హైదరాబాదున కామిక్ కాన్ అను ఉత్సవము మొదలైనది. బొమ్మల కథలలోని వీరుల వేషములతో యువతీయువకులు అందు విహరింతురు. దీనిని కాస్‌ప్లే అందురు. కొందఱు ఆ వీరునివలెనే నడచుచు, పలుకుచు నుందురు. వారికిని మన సోమయాజి నియమమే వర్తించును: ఎదుటివాని సమ్మతి లేనిదే వానిని ఆటలోనికి లాగరాదు, నిజముగా ఆపద కలిగినచో వేషమును విడిచి మనుష్యుడు ముందునకు రావలెను.

బాలలారా! ముఖమునకు రంగు పూయకయే మనమందఱము కొన్ని పాత్రలను ధరింతుము. ఇంటి దుఃఖమును గడపకు వెలుపల నిలిపి, చిఱునవ్వుతో పాఠము చెప్పిన దినములు నాకు గలవు. అది కపటము కాదు. నా యెదుట కూర్చున్న నలువదిమంది పిల్లలకు ఆ గంట చెందినది. నా దుఃఖమునకు చెందినది కాదు.