విజయనగరమున పాతకారు

శ్రీకాకుళమునుండి విజయనగరమునకు పోవునపుడు చిలకపాలెమువద్ద పొందూరు బాట కుడిచేతివైపునకు చీలును. ఆ యూరి ఖద్దరు పేరు వినని సోదరీమణులుండరు. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, నలుసులేకుండ చేసిన పిదపనే వడకుదురు. చీర కొనునప్పుడు వెల యెక్కువనువారు ఆ దువ్వెడు చేతులను చూచియుండరు. ఈమారు మేము పొందూరు పోలేదు. కాని విజయనగరములో గడపిన ఆరుదినములును ఆ చేపదవడ మాకు జ్ఞప్తికి వచ్చుచునేయుండెను.

మేము పోయినది మామగారి అంబాసిడరుకారు కొరకు. అది 1972వ సంవత్సరపు బండి. ఇంగ్లండుదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలో 1950ల చివరినుండి 2014 వరకు ఈ జాతి బండ్లు తయారయ్యెను. మామగారు గతించిన పిదప నాలుగేండ్లు అది కళింగపట్నమునందు మా యింటి సావిడిలో కదలక పడియుండెను. వంశధార కడలిలో కలియు చోటది. అక్కడి ఉప్పుగాలి యినుమును నమలివేయును. పాతయినుముక్రింద అమ్మివేయుదమని మా మరది పట్టుపట్టెను. వర్తకుని తోడ్కొని వచ్చి వెలయు కట్టించెను. అత్తగారు "అరసవల్లికి ఆ బండిలోనే పోదును" అని ఒక్కమాట యని యూరకుండిరి.

బండిని లారీపై నెక్కించి, నాతవలసవద్ద చంపావతి దాటి, మధ్యాహ్నమునకు విజయనగరము చేరితిమి. 1713లో కట్టనారంభించిన కోటను, గంటస్తంభమును, గురజాడవారు నివసించిన యింటిని గూర్చి యీ పత్రికలో పలువురు వ్రాసియున్నారు గనుక ఆ ముచ్చట విడిచెదము. మేము చూచినది ఒక రేకుల పాక. అందొక ముసలి మేస్త్రి, ఒక కుర్రవాడు.

మేస్త్రి ముందు మూత యెత్తి, చాలసేపు మాటాడక చూచెను. లోపల నూనెయు దుమ్మును కలిసి జిడ్డు వ్రేలిమందమున గట్టిపడియుండెను. ఎలుకలు గడ్డి పేర్చి, తీగెల పైతొడుగులు కొరికినవి. బ్యాటరీ మొనలపై తెల్లని పొక్కు లేచియుండెను.

"బేగి అయిపోయే పని కాదమ్మా ఇది. మురికి మీదే రంగేసీడం ఎవుడైనా సేస్తాడు. ఆర్నెల్లకి పెచ్చులూడిపోద్ది," అనెను.

మరునాడు బ్యాటరీని బయటికి తీసి, కార్బ్యురేటరునకును డైనమోకును నీరు తగులకుండ ప్లాస్టికు సంచులు కట్టిరి. ఇంజను చల్లగా నున్నప్పుడే కడుగవలెనట. వేడిమీద చల్లనీరు పోసిన యినుము బీటలిచ్చుననియు, పెట్రోలుతో కడిగిన ప్రమాదమనియు మేస్త్రి చెప్పెను. డీజిలులో తడిపిన కుంచెతో రాచుట, కొయ్యపలకతో గీకుట, మరల రాచుట. చేయి దూరని సందులలో కుర్రవాడు పాత పండ్లకుంచెతో తోమెను. కారిన జిడ్డు కాలువలో పడకుండ క్రింద రంపపుపొట్టు పోసిరి. ఇత్తడి బిందె అంచుక్రింద చింతపండు రుద్ది యెరిగిన చేతులకే యీ పని స్వభావము తెలియునని మాకు తోచెను. వెడల్పైన చోటు నిమిషములో తేలిపోవును. మూలలే ప్రాణము తీయును. బ్యాటరీ తీగెల మొనలను గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడుగగా తెలుపు బుసబుస పొంగి పోయెను. అది మాత్రము మనయింట మనమే చేసికొనదగినది.

మూడవనాటికి అసలు రంగు బయటపడెను. రేడియేటరు చిల్లులకు తగరము పోసిరి. రబ్బరుగొట్టములు ప్రెట్లిపోయినందున క్రొత్తవి వేసిరి. తుప్పు గీకినచోట ఎఱ్ఱరంగు పూత, పైన వేడికి తాళు రంగు.

మొత్తము లెక్క 16,300 రూపాయలు. అందు కూలి ఆరుదినములకు మేస్త్రికి 6,000, కుర్రవానికి 3,000, తక్కినది సామానుకు. పాతయినుము వర్తకుడు కట్టిన వెల దీనికంటె కొంచెమే హెచ్చు. "మురికి తుడుచుటకు తొమ్మిదివేలా?" యని మా మరది ఫోనులో నడిగెను. అత్తగారు ఫోను పుచ్చుకొని, "నీ వెన్నడైన వంటింటి పొగగూడు తుడిచితివా నాయనా?" యనిరి. అతడు బదులు చెప్పలేదు. కుర్రవానికిచ్చిన మూడువేలు తక్కువే యని మా యభిప్రాయము.

మరియొక చిక్కు మిగిలెను. ఏబదియేండ్లు దాటి, మొదటిరూపు చెడని కార్లను ప్రాచీనవాహనములుగ నమోదు చేయు నియమము 2021లో వచ్చినది. రుసుము 20,000 రూపాయలు, సంఖ్యలో వీ.ఏ. అను అక్షరములుండును. గౌరవము గొప్పదే. కాని అట్టి బండిని ప్రదర్శనలకు, పందెపుయాత్రలకు, మరమ్మతు మొదలగువానికి తప్ప నిత్యము నడుపరాదు. మా మరది యిప్పుడు దీనికి ఉత్సాహపడెను.

అత్తగారు సాంతము విని, "అయితే నేను గుడికి దేనిలో పోవలెను?" అని యడిగిరి. ఎప్పటివలె అయిదేండ్లకొకమారు తనిఖీ చేయించి, సాధారణపు నమోదునే కొనసాగింతుమని నిశ్చయించితిమి.

బయలుదేరునాడు మేస్త్రి మూత యెత్తి చూపి, నెలకొకసారి పొడిగుడ్డతో తుడువవలెననియు, బ్యాటరీ మొనలకు వ్యాజలైను రాయుట మరువరాదనియు, వారమున కొకమారైన నాలుగుమైళ్లు నడుపవలెననియు చెప్పెను. అత్తగారు వంగి, సందులలోనికి వ్రేలు పోనిచ్చి చూచుకొని, కొంగున తుడుచుకొనిరి. కొంగుకు మరక కాలేదు.