పేరు వేరు, కాగజ్ అసలీ

తమ్గా నకిలీది చేయడం ముష్కిల్, దాని కాగజ్ నకిలీది చేయడం ఆసాన్ అనుకుంటారు చాలామంది. ఇన్నేళ్ళ నా షౌక్‌లో నాకు కనిపించింది దీనికి ఉల్టా. లోహాన్ని అచ్చుపోసి పారేయొచ్చు. కాగజ్ మీద మాత్రం పేరు, తారీఖు, దస్తఖత్, మొహర్, ఫొటో, సిరా అన్నీ ఒకదానికొకటి గవాహీ పలకాలి. ఒక్కటి ఝూట్ చెప్పినా మిగతావి పట్టిస్తాయి.

నేను డాక్టరీ చదివింది తాష్కెంట్‌లో, సోవియట్ రోజుల్లో. మే 9 వచ్చిందంటే ముసలివాళ్ళు కోటు నిండా తమ్గాలు తగిలించుకుని బయటికొచ్చేవాళ్ళు. 1991లో ఆ ముల్కే లేకుండా పోయాక అవే తమ్గాలు బజార్లలో దుప్పట్ల మీదికొచ్చాయి. నాన్ కోసం అమ్ముకున్నవాళ్ళున్నారు. ఇవాళ రష్యాలో వాటిని కొనడం, అమ్మడం క్రిమినల్ కోడ్ 324వ ఆర్టికల్ కింద నేరం. అందుకని నేను కొనడం ఎప్పుడో మానేసి, చూసిపెట్టడం ఎక్కువ చేశాను. దోస్తులు ఫొటోలు పంపుతారు, అసలీయో నకిలీయో చెబుతాను. ఫీజు లేదు, చాయ్ బాకీ.

ముందు నంబరు చూస్తాను. 'ఎర్ర నక్షత్రం' ఆర్డర్‌ని 1930లో పెట్టారు, మొత్తం 38 లక్షలకు పైగా ఇచ్చారు. దాని వెనక నంబరు ఉంటుంది, ఆర్డర్ పుస్తకంలోనూ అదే నంబరు రాసి ఉండాలి. 'జర్మనీపై విజయం' మెడల్ సంగతి వేరే. 1945 మే 9న పెట్టిన ఆ మెడల్ దాదాపు కోటిన్నర మందికి దక్కింది, దాని మీద నంబరే ఉండదు. కార్డు మీద కనిపించే నంబరు కార్డుదే. ఇది తెలియక, మెడల్ మీద నంబరు చెరిపేశావంటూ దుకాన్‌దార్‌తో ఝగడా పెట్టుకున్న మనిషిని నేను కళ్ళారా చూశాను.

తర్వాత దస్తఖత్. ఆర్డర్ పుస్తకం మీద సుప్రీం సోవియట్ ప్రెసీడియం సెక్రటరీ దస్తఖత్ ఉంటుంది. 1938 నుంచి 1953 దాకా గోర్కిన్, ఆయన తర్వాత పెగోవ్, 1956లో కొద్దికాలం మళ్ళీ గోర్కిన్, 1957 నుంచి 1982 దాకా గెయోర్గాద్జే. ఈ వరస నోటికొస్తే సగం పని అయిపోయినట్టే. 1947 తారీఖు వేసి కింద గెయోర్గాద్జే దస్తఖత్ ఉంటే ఇంక భూతద్దం తీయక్కర్లేదు. ఫొటో కూడా మాట్లాడుతుంది. ఎర్రసైన్యానికి భుజాల మీద పట్టీలు 1943 జనవరిలో వచ్చాయి, అంతకుముందు హోదా గుర్తులు కాలర్ మీదే. 1942లో ఇచ్చిన కాగజ్‌లో సిపాయి భుజాల మీద పట్టీలుంటే ఆ ఫొటో తర్వాతెవరో అతికించిందే. యూవీ టార్చి వేస్తే ఈకాలపు కాగితం చాలావరకు నీలంగా మెరుస్తుంది, యుద్ధకాలం నాటిది మెరవదు. రాత్రిపూట నేను ఆ టార్చితో కూర్చుంటే, దొంగనోట్లు చూస్తున్నారా అని అడుగుతుంది మా బేగం.

అసలు పేచీ పేర్ల దగ్గర వస్తుంది. మన ముసల్మాన్ సిపాయిల పేర్లు రాసింది రష్యన్ మున్షీలు, అదీ చెవికి ఎలా వినపడితే అలా. మన 'హ' లాంటి అక్షరం రష్యన్ లిపిలో లేదు, 'ఖ' అనో 'గ' అనో రాయాలి. అందుకే దగెస్తాన్‌లో ముహమ్మద్ కాస్తా మగొమెద్ అయ్యాడు. అహ్మద్ ఒకచోట అఖ్మెద్, ఇంకోచోట అఖ్మెత్. పైగా ప్రతివాడికీ తండ్రి పేరు తగిలించాలి. మన పాత దస్తావేజుల్లో 'ఫలానా వల్ద్ ఫలానా' అని ఉంటుంది చూడండి, అలాగే. కొడుకు పేరే తిన్నగా రాని చోట వాలిద్ పేరు తిన్నగా వస్తుందా? రైఖ్‌స్టాగ్ మీద ఎర్రజెండా ఎగరేస్తున్న ఫొటో మీరు చూసే ఉంటారు, హల్దేయ్ తీసింది. అందులో దగెస్తాన్ నుంచి వెళ్ళిన అబ్దుల్‌హకీమ్ ఇస్మాయిలోవ్ ఉన్నాడు. ఆయనకి రష్యా హీరో బిరుదు 1996లో గానీ రాలేదు.

నాతో చదువుకున్న ఉజ్బెక్ దోస్త్ ఒకడు పోయిన ఏడాది ఫోన్ చేశాడు. వాళ్ళ నానాజాన్‌ది ఎర్ర నక్షత్రం, దాని పుస్తకం ఇంట్లో ఉన్నాయి. ఎవరో తమ్గాల వ్యాపారి చూసి, నక్షత్రం మంచిదే గానీ కాగజ్ నకిలీ అన్నాడట. పాస్‌పోర్టులో ముహమ్మద్, పుస్తకంలో ముఖమెద్. వాళ్ళమ్మకి ఎనభై దాటాయి. ఆమె మూడు రోజులు సరిగా అన్నం తినలేదని చెప్పాడు. ఉజ్బెక్‌లోనూ ఖాలాని ఖాలా అనే అంటారు, కాస్త 'ఖోలా' అని పలుకుతారు. హాస్టల్లో జ్వరమొస్తే నాకు షోర్బా పంపిన ఖాలా ఆమె.

పుస్తకం ఫొటోలు తెప్పించుకున్నాను. దస్తఖత్ గోర్కిన్‌ది, తారీఖుకి సరిపోయింది. నొక్కుడు మొహర్ ఫొటో అంచు మీదుగా పోయి, కాగితం మీద తెగకుండా సాగింది. నక్షత్రం వెనక నంబరూ, పుస్తకంలో నంబరూ ఒకటే. అయినా పేరు మీద షక్ అలాగే ఉంది కదా.

రష్యా రక్షణ శాఖ ఆర్కైవ్ మాస్కో దగ్గర పోదోల్స్క్‌లో ఉంది. అక్కడి యుద్ధకాలపు అవార్డు కాగితాలను 2010 నుంచి ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచారు. ముహమ్మద్ అని వెతికితే లేడు. ముఖమెద్ అని వెతికితే వేరే ఊళ్ళవాళ్ళు వచ్చారు. చివరికి మామత్ అని కొడితే దొరికాడు. పుట్టిన సంవత్సరం రెండేళ్ళు తేడా. కానీ సైన్యంలోకి పిలిచిన దఫ్తర్ వాళ్ళ జిల్లాదే, రెజిమెంటు పేరు దోస్త్ ఇంట్లో ఉన్న పాత ఉత్తరం మీది పేరే. ఆర్డర్ నంబరు కోసం ఖాందాన్ తరఫున పోదోల్స్క్‌కి రాయించాను. జవాబులో మామత్ పేరు మీద వచ్చిన నంబరు వాళ్ళింట్లో ఉన్న నక్షత్రం నంబరే.

నిజానికి అన్ని కాగజ్‌లలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటేనే నాకు గుబులు. నకిలీ చేసేవాడు ఈరోజు ఆన్‌లైన్‌లో చూసి నకలు దింపుతాడు కాబట్టి వాడి దగ్గర తప్పులుండవు. ముగ్గురు మున్షీలు మూడు రకాలుగా విన్న పేరు వాడికి తట్టదు. పేరు కలవలేదని ఆ వ్యాపారి ఒక్క మాటలో తీర్పు చెప్పేయడం నాకు నచ్చలేదు. వాడికది సరుకు కావచ్చు, ఆ ఇంటికి కాదు.

వీడియో కాల్‌లో ఖాలాకి అవార్డు కాగితం చదివి వినిపించాను. ఆయన సిగ్నల్ సిపాయి. గుళ్ళ వర్షంలో తెగిన టెలిఫోన్ తీగని చేతులతో వెతికి కలిపాడని కమాండర్ రాశాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదట. ఖాలా కదలకుండా విన్నది.

ఆ కాగితంలో ఇంటి చిరునామా, కుటుంబం వివరం రాసే గడి ఉంటుంది. అందులో ఆయన బీవీ పేరుంది, అంటే ఖాలా వాళ్ళమ్మ పేరు. అదీ తప్పుగానే రాశారు. "ఆ లైను మళ్ళీ చదువు బేటా" అంది. చదివాను. "అలాగే చదువు, ఎలా రాశారో అలాగే" అని ఇంకోసారి చదివించుకుంది.