పచ్చిమాంసం, పండుగాడు, మా అమ్మ

ఈ టపా రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. రాస్తే నా పరువు కాస్త పోతుంది. రాయకపోతే నాలాంటి తెలివైనవాళ్ళు ఇంకో నలుగురు ఇదే పని చేస్తారు. పరువుదేముందిలెండి, ప్రొడక్షన్ సర్వర్ మీద తప్పు కమాండ్ కొట్టిన రోజే సగం పోయింది :)

నేనుండేది అమెరికాలో, ఓరెగాన్ రాష్ట్రం బీవర్టన్‌లో. ఇది వాషింగ్టన్ కౌంటీలోకి వస్తుంది. వాషింగ్టన్ అంటే రాజధానీ కాదు, పక్క రాష్ట్రమూ కాదు. పోర్ట్‌లాండ్‌ని ఆనుకుని ఉన్న జిల్లా లాంటిదన్నమాట. చిప్ కంపెనీల పుణ్యమా అని మనవాళ్ళు బాగానే ఉంటారు. ఇంట్లో నేనూ, పండుగాడూ. పండు అంటే మా పిల్లి. "ముందు నీకు పిల్లని చూస్తానంటే వద్దని ఈ పిల్లినేంట్రా తెచ్చుకున్నావు" అని మా అమ్మ ఫోన్లో ఏడాది పాటు సాధించింది.

వాడికి ఒక జబ్బుండేది. వారానికి రెండుమూడుసార్లు తిన్నది తిన్నట్టు కక్కేవాడు. డాక్టరు చూసి పెద్ద సమస్యేం లేదు, ఆబగా తింటున్నాడు, కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు. అంత చిన్న సమాధానంతో మనకి తృప్తి ఉండదు కదా. రాత్రి పన్నెండు దాకా కూర్చుని వెతికితే తేలిందేంటంటే, తప్పంతా బస్తాలో వచ్చే ఆ ఎండు గుళికలదట. పిల్లి అడవి జంతువట. దానికి పచ్చిమాంసం, ఎముకలు, కాలేయం పెట్టాలట. ఇదేం నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993 లోనే కుక్కలకి పచ్చిమాంసం, ఎముకలు పెట్టమని పుస్తకం రాశాడు. అప్పటినుంచీ అదొక ఉద్యమంలా నడుస్తోంది.

వాళ్ళ వాదనలో నిజం లేకపోలేదు. పిల్లి పక్కా మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి ఒంట్లో సరిపడా తయారవదు, మాంసం నుంచే రావాలి. 1987 లో పాల్ పియాన్ అనే పశువైద్యుడి బృందం తేల్చేదాకా, మార్కెట్లో దొరికే మేత తిన్న పిల్లులకి కూడా టారిన్ చాలక గుండె జబ్బులొచ్చేవి. 2007 లో మెలమైన్ కలిసిన గోధుమ గ్లూటెన్ మేతలోకి చేరి, కిడ్నీలు పాడై ఎన్నో కుక్కలూ పిల్లులూ పోయాయి. కాబట్టి కంపెనీ మేతని గుడ్డిగా నమ్మకూడదు అనుకోవడం తప్పేం కాదు. నా తప్పల్లా, ఒకదాన్ని గుడ్డిగా నమ్మకూడదు అనుకుంటూ ఇంకోదాన్ని గుడ్డిగా నమ్మడం.

2024 ఏప్రిల్లో మొదలెట్టాను. గడ్డకట్టిన మాంసం సంచీలు, చిన్న తూకం మిషను, ఒక ఎక్సెల్ షీటు. కండ 80 పాళ్ళు, ఎముక 10, కాలేయం లాంటివి 10. రాత్రి రెండు ముద్దలు ఫ్రిజ్‌లో కిందకి దించడం, పొద్దున్నే గిన్నెలో పెట్టడం. నెల తిరిగేసరికి వాంతులు తగ్గిపోయాయి. వాడి బొచ్చు నిగనిగలాడింది. ఆఫీసులో ఎవరు పిల్లి మాట ఎత్తినా అరగంట క్లాసు పీకేవాణ్ణి.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. మేత మార్చిన వారమే, డాక్టరు చెప్పినట్టు రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టడం కూడా మొదలెట్టాను. ఒకేసారి రెండు మార్పులు చేసి, నాకు నచ్చిన దానికి క్రెడిట్ ఇచ్చేశాను. ఇదే పని మా టీములో కొత్త కుర్రాడు చేస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేసేవాణ్ణి.

సెప్టెంబర్లో అమ్మ వచ్చింది, ఆర్నెల్లు ఉందామని. అమ్మకి కీళ్ళవాతం. దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటుంది. ఆ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని నాకు తెలుసు. బాపట్లలో డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్నాను. ఆ సంగతి ఒక ఫోల్డర్లో ఉంది, ఫ్రిజ్‌లో మాంసం ఇంకో ఫోల్డర్లో ఉంది. రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

మొదటిరోజే గిన్నె చూసి అమ్మ, "ఏందిరా ఇది, పచ్చిదే పెడుతున్నావు? నక్కకి పెట్టినట్టు" అంది. నేను వెంటనే అమైనో ఆమ్లాల గురించి ఉపన్యాసం దంచాను. "మనింట్లో రాజుగాడు పెరుగన్నం తిని పన్నెండేళ్ళు బతికాడు" అంది. అది కుక్కమ్మా, వేరు, అన్నాను. ఆ మాట వరకు నిజమే. కుక్కలు మనతో కలిసి బతికి పిండిపదార్థాలు అరిగించుకునేలా మారాయని 2013 లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన చెప్పింది. పిల్లికి అన్నం పెట్టి బతికించలేం. కానీ అమ్మ అడిగింది అన్నం గురించి కాదు, పచ్చి గురించి. నేను తెలిసిన ప్రశ్నకి జవాబు చెప్పి, అడిగిన ప్రశ్నని వదిలేశాను.

నేను ఆఫీసుకెళ్ళాక పండుగాడి గిన్నె అమ్మే కడిగేది. మన గిన్నెలతో పాటు, అదే సింకులో, అదే పీచుతో. వాడు తిని మూతి నాక్కుని నేరుగా వెళ్ళి అమ్మ ఒళ్ళో పడుకునేవాడు. చెయ్యి నాకేవాడు. పిల్లిని తెచ్చుకున్నందుకు ఏడాది సాధించిన మనిషి, వాడు ఒళ్ళోకి రాకపోతే అలిగేది.

నవంబర్ మొదటివారంలో అమ్మకి విరేచనాలు, జ్వరం. మొదటిరోజు బయట తిన్న తిండి అనుకున్నాం. మూడోరోజుకి మంచం దిగలేకపోయింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే సెలైన్ పెట్టి రెండు రాత్రులు ఉంచుకున్నారు. అక్కడ డాక్టరు అడిగిన ప్రశ్నల్లో ఒకటి: "ఇంట్లో జంతువులున్నాయా? ఏం పెడతారు?"

"పిల్లి ఉంది. క్యాట్ ఫుడ్" అన్నాను.

అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ఆ క్షణంలో నా బుర్ర ఎంత వేగంగా పనిచేసిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఫ్రీజర్లో ఉన్న సంచీలన్నీ చెత్తలో పడేశాను. సింకు, గట్టు అన్నీ బ్లీచుతో కడిగాను. అప్పుడది జాగ్రత్త అనుకున్నాను. జాగ్రత్తలో భయమెంతో, సిగ్గెంతో మాత్రం చెప్పలేను.

పరీక్షలో సాల్మొనెల్లా అని తేలింది. యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మెథోట్రెక్సేట్ కొన్ని వారాలు ఆపమన్నారు. అది ఆపితే అమ్మ కీళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి, సీసా మూత కూడా తీయలేకపోయింది. సాల్మొనెల్లా కేసు వస్తే ఇక్కడ కౌంటీ ఆరోగ్యశాఖకి తెలియజేస్తారు. వాళ్ళు ఫోన్ చేసి వారం రోజుల్లో ఏం తిన్నారు, గుడ్లా, చికెనా, పెంపుడు జంతువులున్నాయా, వాటికి పచ్చిమాంసం పెడతారా అని వరసగా అడిగారు. ఈసారి నిజం చెప్పాను. "ఆ సంచీ ఏమైనా మిగిలిందా?" అంది ఫోన్లో ఆవిడ, చాలా మర్యాదగా.

మిగల్లేదు. లాగ్ ఫైలు నేనే చెరిపేశాను.

కాబట్టి పండుగాడి మేత వల్లే అమ్మకి జబ్బు చేసిందని నేను రుజువు చెయ్యలేను. అదే వారం మేం హోటల్లో బిర్యానీ తిన్నాం, ఇంట్లో గుడ్లు తిన్నాం. ఏదైనా కావచ్చు. కానీ కాదని కూడా ఇక ఎప్పటికీ చెప్పలేను. ఆ తలుపు మూసింది నేనే.

తర్వాత కూర్చుని సరిగ్గా చదివాను. ఆ చదువేదో ముందే చదవాల్సింది. గడ్డకట్టించడం అంటే పాజ్ బటన్ లాంటిది, డిలీట్ కాదు. మైనస్ 18 డిగ్రీల్లో సాల్మొనెల్లా పెరగదు, కానీ చాలావరకు చావదు. కరిగాక మళ్ళీ పని మొదలెడుతుంది. కొన్నిరకాల పరాన్నజీవులు గడ్డకడితే చస్తాయి కాబట్టి, అన్నీ చస్తాయనే నమ్మకం ఎలాగో పుట్టింది. 2010 నుంచి 2012 వరకు అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళు పెంపుడు జంతువుల మేత నమూనాలు వెయ్యికి పైగా పరీక్షించారు. అందులో పచ్చిమేతవి 196. వాటిలో 15 సంచీల్లో సాల్మొనెల్లా, 32 సంచీల్లో లిస్టీరియా దొరికాయి. అమెరికా పశువైద్యుల సంఘం 2012 లోనే వండని మాంసం పెట్టొద్దని విధానం ప్రకటించింది. ఇంకో సంగతి, సాల్మొనెల్లా ఉన్న పిల్లి పైకి శుభ్రంగా, హుషారుగానే ఉండొచ్చు. దాని మలంలో మాత్రం సూక్ష్మజీవులు వస్తూనే ఉంటాయి. "మా పండుగాడికేం కాలేదుగా" అని నేను చెప్పుకున్న రుజువు, అసలు రుజువే కాదన్నమాట.

"అడవిలో పిల్లి పొయ్యి వెలిగించుకుంటుందా?" అని అడుగుతారు. నేనూ అడిగేవాణ్ణి. వెలిగించుకోదు. కానీ అడవిలో పిల్లి అప్పుడే చంపిన ఒక ఎలుకని తింటుంది. కబేళాలో ఎన్నో కోళ్ళ మాంసం కలిపి మిషన్లో రుబ్బి, సంచీలో నింపి, రాష్ట్రాలు దాటించింది తినదు. రుబ్బినప్పుడు పైన అంటుకున్న సూక్ష్మజీవులు ముద్దంతా కలిసిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, అడవిపిల్లి తిన్నాక మూతి తుడుచుకోవడానికి కీళ్ళవాతం ఉన్న మా అమ్మ ఒడిలోకి రాదు.

డిసెంబర్ 24, 2024. పండగ సెలవు. సోఫాలో ఫోన్ చూస్తుంటే ఓరెగాన్ వ్యవసాయశాఖ ప్రకటన కనబడింది. మా వాషింగ్టన్ కౌంటీలోనే ఒక పెంపుడు పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయింది. గడప దాటని పిల్లి. అది తిన్న గడ్డకట్టిన పచ్చి టర్కీ మాంసంలో ఉన్న వైరస్సూ, పిల్లిలో ఉన్న వైరస్సూ జన్యుపరంగా ఒకటేనని తేలింది. ఆ సంచీలు వెనక్కి పిలిపించారు. మేం వాడింది ఆ కంపెనీది కాదు, టర్కీ కూడా కాదు. అయినా చేతులు చల్లబడ్డాయి. తర్వాత 2025 జనవరిలో, వండని కోడి, పశు పదార్థాలతో కుక్కలకీ పిల్లులకీ మేత చేసే కంపెనీలు తమ భద్రతా ప్రణాళికల్లో ఈ వైరస్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఎఫ్‌డీఏ చెప్పింది.

ఆ సాయంత్రమే అమ్మకి అంతా చెప్పాను. డాక్టరు దగ్గర దాచిన సంగతితో సహా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "వాడికి మాత్రం గ్రాములు తూచి పెట్టావు" అంది చివరికి. అంతే. నేను ఇంకా పెద్ద తిట్టుకి సిద్ధపడి ఉన్నాను. తర్వాత పండుగాణ్ణి ఎత్తుకుని, "వీడికేమన్నా అయ్యుంటేనో?" అంది. ఆ మాటకి మాత్రం కళ్ళు తిరిగాయి నాకు.

ఇప్పుడు వాడికి డబ్బాలో వచ్చే ఉడికిన మేత. సంపూర్ణ సమతులాహారం అని ఆఫ్కో ప్రమాణం రాసి ఉన్నదే కొంటున్నాను. మొదటి వారం నిరాహార దీక్ష చేశాడు. పిల్లి రెండు రోజులు తినకపోయినా కాలేయానికి ప్రమాదం కాబట్టి, డాక్టర్ని అడిగి పాతరకం గుళికలతో కలిపి మెల్లగా మార్చాను. నాలుగుసార్లు పెట్టడం మాత్రం ఆపలేదు. వాంతులు మళ్ళీ రాలేదు. అంటే బగ్ ఎక్కడుందో మొదటిరోజే డాక్టరు చెప్పాడన్నమాట!

హైదరాబాదులో నా క్లాస్‌మేట్ ఒకడు వాళ్ళ కుక్కకి గడ్డకట్టిన పచ్చిమేత తెప్పిస్తున్నాడని మొన్న తెలిసింది. మే నెల ఎండలో బండి మీద వచ్చే సంచీ, మధ్యలో కరెంటు కోత, ఇంట్లో పాకే పిల్లాడు. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి వండి పెట్టనా?" అన్నాడు. పెట్టు, కానీ ఒట్టి మాంసం ఉడికించి పెడితే కాల్షియం చాలదు, పిల్లి అయితే టారిన్ కూడా చూసుకోవాలి, పశువైద్యుణ్ణి అడిగి లెక్క వేయించుకో, ఉడికిన ఎముకలు మాత్రం పెట్టకు, చీలి గొంతులో గుచ్చుకుంటాయి, అన్నాను. వింటాడో లేదో తెలీదు. అప్పట్లో నాకెవరైనా చెబితే నేను వినేవాణ్ణా?

పచ్చిమాంసం పెట్టేవాళ్ళందరూ మూర్ఖులని నేననను. ప్రేమ లేకపోతే ఎవరూ తూకం మిషను కొనరు. ఒక్కటే అడుగుతాను. మీ ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, మా అమ్మలాంటి మందు వేసుకుంటున్నవాళ్ళు ఉన్నారా? నిర్ణయం మీది, మరి రిస్కు ఎవరిది? నా విషయంలో రిస్కు తీసుకున్న ఇద్దరినీ నేను అడగనే లేదు. ఒకరికి మాటలు రావు. రెండోవాళ్ళు అడిగారు, నేనే వినిపించుకోలేదు.

అమ్మ ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. మందు మళ్ళీ మొదలెట్టింది, చేతులు బాగానే ఉన్నాయి. ఆదివారం వీడియో కాల్లో మొదటి ప్రశ్న ఇప్పటికీ నా గురించి కాదు. "పండుగాడు తిన్నాడా?"

తిన్నాడమ్మా. ఉడికిందే.